దాచినది నిలువదు, చెరిపినది పోదు

మా తల్లిగారు మంగళహారతులు చక్కగా పాడెడివారు. ఆమె నోటనున్న పాటలలో పెక్కు ఏ పుస్తకమునందును లేవు; అవి ఆమెకు తన యత్తగారివలన వచ్చినవి. ఆమె పరమపదించుటకు ముందటి సంవత్సరమున మా చెల్లెలు తన సెల్‌ఫోనులో పదునొకండు పాటలు పట్టి, వానిని చిటికెనవ్రేలి గోరంత మెమొరీ కార్డునందు నిలిపి నా కిచ్చినది. నేను దానిని నగవలె భావించి, పట్టుగుడ్డలో చుట్టి, వెండి భరిణెలో బెట్టి, మేడమీది గదిలోని యినుప బీరువాలో దాచితిని. ఏడు సంవత్సరములు దానిని ముట్టలేదు. మా కోడలి సీమంతమునాడు ఆ హారతులు వినిపింపవలెనని తీసి చూడగా మూడు పాటలు తెరచుకొనలేదు. నాలుగవది సగములో నాగిపోయినది. కార్డు విరుగలేదు, తడియలేదు, ఎవ్వరును దానిని తాకియుండలేదు.

ఆ నెలలోనే మా వీథిలోని యొక యింట దీనికి సరిగా విపరీతమైన సంగతి జరిగినది. ఆ యింటి పిల్ల తన మెమొరీ కార్డులోని ఛాయాపటములనన్నిటిని చెరిపివేసి, కార్డు పనిచేయుటలేదని బాగుచేయువాని దుకాణమునకు తీసికొనిపోయినది. అతడు ఏదో యుపాయము పన్ని కార్డును బాగుచేయుటయే గాక, పిల్ల యెన్నడో చెరిపిన పటములను వరుసగా తెరమీదికి తెచ్చి, “ఇవియు మీవేనా అమ్మా?” అని యడిగెనట. దుకాణదారుడు మంచివాడే. కాని ఆ పిల్ల ముఖము వెలవెలబోయినది. ఏలననగా, అంతకు రెండేండ్ల ముందు ఇట్లే చెరిపివేసిన మరియొక కార్డును పాతఫోనుతోగూడ ఊరు పేరు తెలియని వాని కమ్మివేసియుండెను.

భద్రముగా దాచినది పోయినది, చెరిపివేసినది పోలేదు. ఈ రెంటికిని కారణమొక్కటే. అది యీ చిప్పులలో వ్రాత నిలుచు తీరునందును, చెరుగు తీరునందును ఉన్నది. మన యిండ్లలోని పెండ్లి పటములు, పిల్లల తొలిపలుకులు, ఆస్తి కాగితముల ప్రతులు నేడు వీనియందే యుండుటచేత ఈ సంగతి మనము తెలిసికొనుట యావశ్యకము.

మెమొరీ కార్డు, పెన్‌డ్రైవు, సెల్‌ఫోనులోని నిలువస్థలము, కంప్యూటరులోని ఎస్సెస్డీ అని పేర్లు వేరైనను, వీని యన్నిటిలో నుండునది ఫ్లాష్ మెమొరీ యను నొకే జాతి చిప్పు. విద్యుత్తు తీసివేసినను వ్రాత నిలుచుట దీని గుణము. ఇందు కోట్లానుకోట్ల సూక్ష్మమైన గదులు కలవు. ఒక్కొక్క గదిని అన్ని వైపుల మూసిన చిన్న కుండగా నూహింపుడు. అందులో నింపునది నీరు గాదు, ఎలక్ట్రానులు. కుండగోడ విద్యుత్తును పోనీయని గాజువంటి పొర. దాని మందము సుమారు సెంటీమీటరులో పదిలక్షల వంతు. సాధారణముగా ఎలక్ట్రానులు దానిని దాటలేవు. చిప్పులోపలనే పుట్టించు ఇరువది వోల్టుల వంటి గట్టి యొత్తిడి పెట్టినప్పుడు మాత్రము అవి గోడగుండ దూరి లోపలికి బోవును. ఒత్తిడిని తలక్రిందు చేసినచో వెలుపలికి వచ్చును. గోడకు ద్వారము లేదు, కిటికీ లేదు, అయినను దాటును. ఇది పరమాణు లోకపు వింత. శాస్త్రజ్ఞులు దీనిని టన్నెలింగ్ అందురు. నిండిన కుండ సున్న, ఖాళీ కుండ ఒకటి. ఈ సున్నలు, ఒకట్ల వరుసయే మన పాట, మన పటము, మన యుత్తరము.

ఇంతవరకు సుఖముగానే యున్నది. కాని లాభము కొరకు మనుష్యులు కుండను కుండగా నుండనీయలేదు. తొలినాటి చిప్పులలో కుండ నిండుగానో ఖాళీగానో యుండెడిది. నేటి చౌక కార్డులలో ఒకే కుండలో ఎనిమిది మట్టములు గుర్తింతురు, కొన్నిటిలో పదునారు. అందుచే నంతే స్థలములో మూడింతలు, నాలుగింతలు వ్రాత పట్టుచున్నది. ధరలు తగ్గినవి, మనకును సంతోషమే. అయితే మట్టికుండ చెమర్చునట్లు ఈ కుండయు చెమర్చును. నిండుకుండకును ఖాళీకుండకును మధ్య భేదము తెలియుటకు కొంచెము తరిగినను చిక్కులేదు. పదునారు మట్టములున్న కుండలో నొక్క బొట్టు తరిగినను లెక్క తప్పును. మా తల్లిగారి పాటలను తినివేసిన దొంగ ఇదియే.

ఈ కుండను మొదట కల్పించినవారు 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు పనిచేసిన డావన్ కాంగ్, సైమన్ జీ యను నిద్దరు. మొదటివారు కొరియాలోను, రెండవవారు చైనాలోను జన్మించిరి. మధ్యాహ్న భోజనమున పొరలుపొరలుగా నున్న తీపిరొట్టెను తినుచుండగా, తమ పరికరమునందును మరియొక పొర చేర్చినచో నేమగునని వారికి తోచినదని చెప్పుదురు. (వారికి మన మడతకాజా యెదురుపడినచో నెన్ని పొరలు చేర్చియుందురో!) నింపుట తెలిసినది గాని సులభముగా నూడ్చుట తెలియలేదు. 1971లో ఇంటెల్ సంస్థయందలి డవ్ ఫ్రోమన్ చేసిన చిప్పునకు పైభాగమున చిన్న గాజు కిటికీ యుండెడిది; చెరుపవలెననిన చిప్పును ఊడదీసి, అతినీలలోహిత కిరణముల దీపముక్రింద పెట్టి చాలసేపు వేచియుండవలెను. తరువాత విద్యుత్తుతోనే ఒక్కొక్క బైటును విడివిడిగా చెరుపు చిప్పులు వచ్చినవి. అవి సౌకర్యముగా నుండెను గాని, ప్రతి కుండకును వేరు కాపలా కావలసినందున స్థలమెక్కువయై ధర మిక్కుటమయ్యెను.

జపాను దేశమున తోషిబా సంస్థలో పనిచేయుచున్న ఫుజియో మసువోకా దీనికొక యుపాయమాలోచించెను. ఒక్కొక్క యక్షరమును చెరుపు స్వాతంత్ర్యమును వదులుకొన్నచో ఏమి? ఒక పేటనంతటిని ఒక్క పెట్టున కడిగివేసినచో ప్రతి యింటికి వేరు కాపలా యక్కరలేదు గదా! ఆయన సహోద్యోగి షోజీ అరియిజూమీ ఈ చెరుపుటను చూచి, కెమెరా మెరుపువలె నున్నదని, ఫ్లాష్ అని పేరు పెట్టెను. మసువోకా 1984లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన విద్వత్సభలో దీనిని ప్రకటించెను. నేడు మన కార్డులలోనున్న నాండ్ అను రకమును 1987లో వెల్లడించెను. లోకమంతయు దీనివలన లాభపడినది. ఆయనకు మాత్రము తగిన ప్రతిఫలము కొరకు తన పూర్వపు యజమానులమీద 2004లో న్యాయస్థానమున వ్యాజ్యము వేయవలసివచ్చెను. 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్‌లకు రాజీ కుదిరినది. ఆయన యడిగినది నూరు కోట్లు.

మసువోకా వదులుకొన్న ఆ చిన్న స్వాతంత్ర్యమే మన కథకు మూలము. ఇందు వ్రాయుట పుటలచొప్పున జరుగును. చెరుపుట మాత్రము వందలకొలది పుటలుగల పెద్ద బ్లాకులచొప్పున జరుగును. వ్రాసియున్న పుటమీద తిరిగి వ్రాయుటకు వీలులేదు. వాకిట ముగ్గు వేయుచు ఒక మెలిక తప్పినచో మనము కొంగుతో తుడిచి దిద్దుదుము. ఈ చిప్పులో నట్లు చెల్లదు. ఒక్క మెలిక తప్పినను వాకిలియంతయు కడిగి, కల్లాపి చల్లి, చుక్కలు మొదటినుండి పెట్టవలెను. అంతియే గాదు; కడిగినప్పుడెల్ల వాకిలి కొంచెమరుగును. ఎలక్ట్రానులు గోడగుండ దూరినప్పుడెల్ల ఆ గాజుపొర కొంత చెడి, కుండ మరింత చెమర్చుట కారంభించును. ఒక మట్టమే గల మేలురకపు చిప్పు సుమారు లక్షసార్లు చెరుపుటకు ఓర్చుకొనును. ఎనిమిది మట్టముల చౌకరకము వేయి మొదలు మూడువేల సార్లవరకు మాత్రమే యోర్చునని సాధారణముగా లెక్క.

అందుచే ప్రతి కార్డులోను, ప్రతి పెన్‌డ్రైవులోను కంట్రోలరు అను గుమాస్తా యొకడు కూర్చుండును. మనము ఒక ఛాయాపటమును దిద్ది తిరిగి నిలిపినప్పుడు, అతడు పాత పుటను ముట్టడు. ఖాళీగానున్న వేరొక పుటలో క్రొత్త పటమును వ్రాసి, తన పద్దులో “ఆ పటమిప్పుడిచ్చట నున్నది” అని చిరునామా మార్చుకొనును. పాత పుట చెత్తగా నిలిచియుండును. ఒక బ్లాకులో చెత్త పెరిగినప్పుడు, అందు మిగిలిన మంచి పుటలను వేరుచోటికి తరలించి, అప్పుడు బ్లాకునంతటిని కడుగును. ఒకే చీరను నిత్యము ఉతికి కట్టినచో నది చిరుగును, పెట్టెలోని తక్కినవి మడతలలోనే యుండును. కావున అన్ని బ్లాకులును సమముగా నరుగునట్లు వంతులు వేయుటయు వాని పనియే. ఈ గుమాస్తా తెలివిమీదనే కార్డు ఆయుర్దాయమాధారపడియుండును. నూరు రూపాయల కార్డులో నూరు రూపాయల గుమాస్తాయే యుండునని వేరుగ చెప్పనక్కరలేదు.

వంతులెంత బాగుగా వేసినను, అక్కరలేని వ్రాతలు మితిమీరినచో ఫలము లేదు. టెస్లా మోటారుకార్లలో కొన్నిటియందు నడుమనున్న పెద్ద తెరను నడిపించు 8 గిగాబైట్ల చిప్పు ఎడతెగని వ్రాతలచే నరిగిపోగా, వెనుక చూపు కెమెరా మొదలగునవి పనిచేయకుండుటచే, 2021లో సుమారు 1,35,000 బండ్లను ఆ సంస్థవారు బాగుచేయుటకు వెనుకకు పిలువవలసివచ్చెను. కారంతయు బాగుగానే యున్నది; అరిగినది గోరంత చిప్పు.

ఇప్పుడు మా వీథి పిల్ల సంగతి సులభముగా తెలియును. ఆమె “చెరుపుము” అని నొక్కినప్పుడు పటము చెరుగలేదు. విషయసూచికలో దాని పేరు మాత్రము కొట్టివేయబడినది. పుస్తకములోని పుటలట్లే యున్నవి. గుమాస్తాకు చోటు కావలసివచ్చి బ్లాకును కడుగువరకు అవి యట్లే యుండును. పైన వేరు పటములు నింపినచో చాలునందురు కొందరు. అదియు పూర్తిగా నమ్మరానిది, ఏలననగా గుమాస్తా క్రొత్తవానిని ఎచ్చట వ్రాయునో మనకు తెలియదు. శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 2011లో ఎస్సెస్డీలను పరీక్షించి చూడగా, ఒక్కొక్క ఫైలును చెరుపుటకు వాడుకలోనున్న పద్ధతులేవియు నమ్మదగినవి కావని తేలినది. మొత్తము చెరిపితినని జవాబు చెప్పి, ఏమియు చెరుపని డ్రైవు కూడ నొకటి వారి కంటబడినది!

సెల్‌ఫోను విషయమున కొంత ధైర్యముగా నుండవచ్చును. ఇటీవలి ఫోనులు లోపల వ్రాయు దానినంతటిని రహస్యలిపిలో వ్రాయును. ఆ లిపికి తాళపుచెవి వేరుగా నుండును. ఫోనును తిరిగి క్రొత్తదానివలె చేయు “ఫ్యాక్టరీ రీసెట్” అను మార్గమున పోయినచో ఆ తాళపుచెవి నాశనమగును. కుండలలో నేదైన మిగిలియున్నను చదువు వారుండరు. కాని పైనుండి చొప్పించు మెమొరీ కార్డున కీ రక్ష సాధారణముగా లేదు. కావున పాతఫోనులు తీసికొని స్టీలుగిన్నెలిచ్చువాడు వీథిలో కేకవేసినప్పుడు, గిన్నె మందమును చూచుటకు ముందు ఫోనులోని కార్డును తీసి యింట నుంచుకొనవలెను. ఇక పనికిరాని కార్డును చిప్పు ముక్కలగునట్లు పగులగొట్టి పారవేయుట యుత్తమము. గిన్నె యొకటి తగ్గినను నష్టములేదు.

ఇక దాచినది పోవుట. ఇది కొంచెము దుఃఖకరమైన భాగము. కుండలు చెమర్చునని చిప్పులు చేయువారికి తెలియును. కావున వ్రాయునప్పుడే ప్రతి పుటతోను కొన్ని సరిచూచు గుర్తులు చేర్చి వ్రాయుదురు. కొన్ని కుండల లెక్క తప్పినను ఆ గుర్తులనుబట్టి సరియైన పాఠమును గ్రహింపవచ్చును. తప్పులు హద్దుమీరునట్లున్నచో, మంచి గుమాస్తా ఆ పుటలను చదివి, సరిదిద్ది, క్రొత్త బ్లాకులో నిండుకుండలతో తిరిగి వ్రాయును. దీనినే రిఫ్రెష్ అందురు, పునర్లేఖనమనవచ్చును. మన పెద్దలు తాటాకు ప్రతులతో చేసినదియు నిదియే. ఆకు పురుగుపట్టి, అంచు విరిగి, అక్షరము చెడకముందే లేఖకుడు క్రొత్త యాకులపై నెక్కించెడివాడు. కడపలో సి. పి. బ్రౌను దొర సొంతసొమ్ముతో పండితులను పెట్టి తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించి, పాఠములు సరిచూపించెను. అట్లు తిరిగి వ్రాయబడుటచేతనే కొన్ని మనవరకు వచ్చినవి.

2014లో శామ్‌సంగ్ వారి 840 ఇవో అను ఎస్సెస్డీ కొన్నవారికి వింత యనుభవము కలిగినది. క్రొత్తగా వ్రాసినవి వేగముగా తెరచుకొనుచుండెను. కొన్ని నెలలనాటివి మాత్రము మిక్కిలి నెమ్మదిగా వచ్చుచుండెను. కుండలలో మట్టములు తరిగి, గుమాస్తా ఒక్కొక్క పుటను మరలమరల చదువవలసివచ్చుటయే కారణము. 2015లో ఆ సంస్థవారు గుమాస్తాకు క్రొత్త బుద్ధి గరపిరి: పనిలేని వేళల పాతవానిని తీసి తిరిగి వ్రాయుచుండవలెనని. ఇందొక చిక్కున్నది. ప్రతి పునర్లేఖనమునకును ఎక్కడో ఒక బ్లాకును కడుగవలెను గదా. కడిగినకొలది వాకిలి యరుగును. మాటిమాటికి తిరిగి వ్రాసినచో చిప్పు త్వరగా ముసలిదగును; ఆలస్యము చేసినచో వ్రాత పోవును. ఎప్పుడు వ్రాయవలెనో నిర్ణయించుటయందే యీ విద్య యంతయు నున్నది.

దీనికి ముఖ్యమైన నియమమొకటి కలదు: గుమాస్తా మేలుకొని పనిచేయవలెననిన విద్యుత్తుండవలెను. బీరువాలోని కార్డులో గుమాస్తా నిద్రపోవును. నే నేడు సంవత్సరములు భద్రముగా దాచుటయనగా నేడు సంవత్సరములు కావలివానిని నిద్రపుచ్చుటయే! దానికి తోడు వేడి. వేడి పెరిగినకొలది ఎలక్ట్రానులు త్వరగా జారిపోవును. మామూలు వాడుకకైన ఎస్సెస్డీ తన యాయుర్దాయమంతయు అరిగిన పిదప, విద్యుత్తు లేక 30 డిగ్రీల వేడిలో ఒక సంవత్సరము వ్రాతను నిలుపవలెనని జెడెక్ అను ప్రమాణముల సంఘమువారి నియమము. అరగని క్రొత్తది అంతకంటె చాలకాలము నిలుపును, నిజమే. కాని రెంటచింతల యెండలు 45 డిగ్రీలు దాటు మన దేశమున, మేడమీది గదిలో, ఇనుప బీరువాలో నెంత వేడి యుండునో నేను చెప్పనేల?

కావలివానిపై నమ్మకము పోయినప్పుడు ఏమి చేయవలెనో అంగారక గ్రహముమీదనే యొకసారి తేల్చుకొనవలసివచ్చెను. అమెరికావారి ఆపర్చూనిటీ యను సంచారియంత్రము 2004 జనవరిలో నచ్చట దిగెను. తొంబది దినములు పనిచేసిన చాలునని పంపిన యా యంత్రము పదేండ్లు దాటియు తిరుగుచుండెను. 2014 ఆగస్టులో అది మాటిమాటికి స్మృతి తప్పి తిరిగి మొదలగుచు వచ్చెను. ఫ్లాష్ మెమొరీలో కొన్ని గదులు అరిగిపోయినవని శాస్త్రజ్ఞు లనుమానించిరి. అక్కడికి పోయి కార్డు మార్చువా రెవరు? సుమారు 20 కోట్ల కిలోమీటర్ల దూరమునుండి ఆజ్ఞ పంపి, లోపలనున్న వ్రాతనంతటిని ముందుగా భూమికి తెప్పించుకొని, సెప్టెంబరులో ఆ మెమొరీని పూర్తిగా చెరిపి, చెడిన గదులను వాడకుండునట్లు తిరిగి సిద్ధపరచిరి. అయినను జబ్బు పూర్తిగా కుదురలేదు. తుదకు ఫ్లాష్‌ను నమ్ముట మాని, విద్యుత్తున్నంతవరకే నిలుచు తాత్కాలిక స్మృతితోనే పని జరిపిరి. ఏనాటి సంగతులు ఆనాడే, యంత్రము నిద్రపోకముందే, భూమికి చెప్పవలెను. లేనిచో తెల్లవారువరకు మరచిపోవును. అట్లు 2018 జూనులో ధూళితుపాను క్రమ్మువరకు నది పనిచేసినది.

మా యింటి కార్డు విషయమునకు వత్తును. తెలిసినవా రొకరు దానిని పలుమార్లు చదివించి, ఆ మూడు పాటలలో నొకదానిని మాత్రము తేగలిగిరి. మిగిలిన రెండును పోయినవి. సగములో నాగిన పాటను మా చెల్లెలు తనకు జ్ఞాపకమున్నంతవరకు పాడి పూర్తిచేసినది. మూడవ చరణమునందు మాకు సందేహమింకను తీరలేదు.

ఇప్పుడు పాటలు మూడుచోట్ల నున్నవి: ఇంటి కంప్యూటరులో నొకటి, చెల్లెలి యొద్ద నొకటి, పెన్‌డ్రైవులో నొకటి. పెన్‌డ్రైవును ఊరకే యొక నిమిషము చొప్పించి తీసినంతమాత్రమున చౌకరకపు గుమాస్తా పునర్లేఖనము చేయునని నమ్ముటకు లేదు. కావున సంవత్సరమున కొకసారి అందులోని వానినన్నిటిని కంప్యూటరులోనికి తెచ్చి, ఒక్కొక్కటి తెరచి కడవరకు విని, పెన్‌డ్రైవును పూర్తిగా చెరిపి, తిరిగి వ్రాయుదుము. అనగా కుండలనన్నిటిని వంచి క్రొత్తనీరు నింపుదుము. ఏడాది కొక్కసారి కడిగినందువలన వాకిలి యరుగదు. దీనికి దసరాలలో మూలానక్షత్రమునాడు, పుస్తకములు పీఠముమీద పెట్టు దినము నేర్పరచుకొంటిమి. పాటల సాహిత్యమును మాత్రము మా కోడలు నోటుపుస్తకములో సిరాతో వ్రాసినది. మూడవ చరణమున సందేహమున్నచోట రెండు పంక్తులు ఖాళీ విడిచినది.